హెచ్‌ఐవీ: భయం వేరు, ప్రమాదం వేరు

హెచ్‌ఐవీ ఒకరి నుంచి మరొకరికి సోకాలంటే మూడు విషయాలు ఒకేసారి కుదరాలి. ఎదుటి వ్యక్తి శరీరంలో వైరస్ ఉండాలి. ఆ వైరస్ సోకడానికి సరిపడా ఉన్న ద్రవం బయటికి రావాలి. ఆ ద్రవం రెండో వ్యక్తి శరీరంలోకి వెళ్లడానికి దారి దొరకాలి. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా వైరస్ సోకదు. కండోమ్ ఆ మూడోదాన్ని, అంటే దారిని, మూసేస్తుంది. కండోమ్‌ను మొదటి నుంచీ సరిగ్గా వాడి, అది చివరిదాకా చిరగకుండా, జారకుండా ఉంటే ఆ కలయికలో హెచ్‌ఐవీ సోకే అవకాశం దాదాపు లేనట్టే. అయినా ఆ తర్వాత వారాల తరబడి నిద్ర పట్టక, ఎవరినీ అడగలేక లోలోపల నలిగిపోయేవారు ఎందరో ఉంటారు. తప్పు చేశామన్న బాధ, నలుగురికీ తెలిసిపోతుందన్న బెరుకు, విషయం సరిగ్గా తెలియకపోవడం, ఈ మూడూ కలిసి ఉన్న ప్రమాదాన్ని పదింతలు చేసి చూపిస్తాయి. ఈ భయం పోవాలంటే ప్రమాదం ఎక్కడుందో, ఎంతుందో, దాన్ని ఏ పరీక్ష ఎప్పుడు తేలుస్తుందో తెలియాలి.

హెచ్‌ఐవీని మోసుకెళ్లగల ద్రవాలు కొన్నే. రక్తం, వీర్యం, వీర్యానికి ముందు వచ్చే స్రావం, యోని స్రావం, మలద్వారంలోని స్రావం, తల్లిపాలు. ఉమ్మి, చెమట, కన్నీరు, మూత్రం ద్వారా ఈ వ్యాధి సోకదు. ముద్దు పెట్టుకోవడం, కౌగిలించుకోవడం, ఒకే కంచంలో తినడం, ఒకే మరుగుదొడ్డి వాడడం వల్ల రాదు. దోమ కుట్టినా రాదు, ఎందుకంటే ఈ వైరస్ దోమ శరీరంలో పెరగలేదు. గాయం లేని చర్మం మీద వీర్యమో, యోని స్రావమో పడినంత మాత్రాన కూడా సోకదు. చేతితో తాకడం వల్ల ప్రమాదం లేదు. ముఖరతిలో ప్రమాదం పూర్తిగా లేదని చెప్పలేకపోయినా, అది చాలా చాలా తక్కువ. లైంగికంగా వైరస్ సోకే అసలు దారులు రెండే: కండోమ్ లేకుండా జరిగే యోని సంభోగం, కండోమ్ లేకుండా జరిగే మలద్వార సంభోగం.

మన దేశంలో హెచ్‌ఐవీని మొదటిసారి 1986లో చెన్నైలో గుర్తించారు. మద్రాసు మెడికల్ కాలేజీలో డాక్టర్ సునీతి సోలొమన్, ఆమె విద్యార్థిని నిర్మల కలిసి సెక్స్ వర్కర్ల రక్త నమూనాలు సేకరించి పరీక్షలు చేయించినప్పుడు వైరస్ జాడ బయటపడింది. 1992లో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ, అంటే నాకో, ఏర్పడింది. ఈ విషయంలో తెలుగు నేలకు ఉన్న సంబంధం చిన్నది కాదు. 2021 జాతీయ అంచనాల ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల వారిలో నూటికి 0.21 మందికి హెచ్‌ఐవీ ఉంటే, తెలంగాణలో 0.47 మందికి, ఆంధ్రప్రదేశ్‌లో 0.67 మందికి ఉంది. మిజోరం, నాగాలాండ్, మణిపూర్ తర్వాత ఈ శాతం ఎక్కువగా ఉన్న రాష్ట్రం ఆంధ్రప్రదేశే. 2000 తర్వాతి తొలి సంవత్సరాల్లో ఉమ్మడి రాష్ట్రమంతటా హోర్డింగుల మీద కనిపించిన ఒక ప్రశ్న తెలుగువారికి ఇంకా గుర్తుంది: పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా? పులిరాజా అనే కల్పిత పాత్రతో సాగిన ఆ ప్రచారం ఊరూరా ఎయిడ్స్ గురించి మాట్లాడించింది. ఆ ప్రశ్నకు జవాబు పులిరాజా మంచివాడా చెడ్డవాడా అన్నదాని మీద ఆధారపడదు. అతను కండోమ్ వాడాడా లేదా అన్నదాని మీద ఆధారపడుతుంది.

ఇక ప్రమాదం ఎంత? వైద్య పరిశోధకులు దీన్ని ఒక్కో కలయికకు ఇంత అని లెక్కగట్టారు. హెచ్‌ఐవీ ఉండి, చికిత్స తీసుకోని స్త్రీతో పురుషుడు కండోమ్ లేకుండా ఒకసారి యోని సంభోగం చేస్తే వైరస్ సోకే అవకాశం సగటున 10,000కు 4. అదే హెచ్‌ఐవీ ఉన్న పురుషుడి నుంచి స్త్రీకి సోకే అవకాశం 10,000కు 8. మలద్వార సంభోగంలో స్వీకరించే వ్యక్తికి ఇది 10,000కు సుమారు 138, అంటే నూటికి ఒకటి కన్నా ఎక్కువ. మలద్వారం లోపలి పొర పలచగా ఉండి తేలిగ్గా చిట్లడమే దీనికి కారణం. ఒకరు వాడిన సూదితో మత్తుమందు ఎక్కించుకుంటే 10,000కు 63. హెచ్‌ఐవీ ఉన్న రక్తం ఎక్కిస్తే మాత్రం దాదాపు తప్పించుకోలేరు, 10,000కు 9,000 పైమాటే.

ఈ అంకెలను రెండు రకాలుగా అపార్థం చేసుకునే వీలుంది. 10,000కు 4 అంటే ఏమీ కాదులే అని కండోమ్ మానేయడం ఒకటి. ఇవి సగటులు మాత్రమే. ఒకే ఒక్క కలయికతో సోకినవారూ ఉన్నారు. ఎదుటి వ్యక్తికి వైరస్ కొత్తగా సోకిన తొలి వారాల్లో రక్తంలో దాని సంఖ్య విపరీతంగా ఉంటుంది, అప్పుడు ప్రమాదం చాలా రెట్లు పెరుగుతుంది. ఇద్దరిలో ఎవరికైనా సుఖవ్యాధి పుండ్లు ఉంటే దారి మరింత తెరుచుకుంటుంది. పైగా ఈ ప్రమాదం ఒక్క రాత్రితో ఆగేది కాదు, కలిసిన ప్రతిసారీ కొత్తగా ఎదురవుతుంది. రెండో అపార్థం దీనికి తలకిందులు. ఒకసారి కలిస్తే చాలు, వ్యాధి వచ్చి తీరుతుందని కుమిలిపోవడం. సంభోగానికి ఇచ్చిన పై అంకెలన్నీ కండోమ్ లేని కలయికలవి, అదీ ఎదుటివారికి హెచ్‌ఐవీ కచ్చితంగా ఉన్నప్పటివి. కండోమ్ వాడిన కలయికకు అవి వర్తించవు.

కండోమ్ రక్షణ గురించి తరచూ వినిపించే అంకె నూటికి 80. దంపతుల్లో ఒకరికి హెచ్‌ఐవీ ఉన్న జంటలను గమనించిన పరిశోధనల్లో, ఎప్పుడూ కండోమ్ వాడతామని చెప్పిన జంటల్లో అసలు వాడని జంటల కన్నా వ్యాధి వ్యాప్తి సుమారు 80 శాతం తక్కువగా కనిపించింది. ఇది చదివి, మిగిలిన 20 శాతం మాటేమిటని చాలామంది హడలిపోతారు. కండోమ్ వాడిన ప్రతి నూరుసార్లలో ఇరవైసార్లు వ్యాధి వస్తుందని దీని అర్థం కాదు. మామూలుగానే 10,000కు 4 ఉన్న ప్రమాదం అందులో ఐదో వంతుకు, అంటే 10,000కు ఒకటి కన్నా తక్కువకు దిగిపోతుందని అర్థం. ఆ మిగిలిన కాస్తలో కూడా చిరిగినవి, జారినవి, సగంలో తొడిగినవి, ఎప్పుడూ వాడతామని చెప్పి కొన్నిసార్లు వాడనివి కలిసి ఉన్నాయి. చిరగని లేటెక్స్ కండోమ్‌లోంచి వైరస్ దాటిపోదు. కంటికి కనిపించని రంధ్రాల గుండా వైరస్ జారిపోతుందన్న ప్రచారం నిజం కాదు.

కాబట్టి ప్రతి కలయిక తర్వాత వేసుకోవలసిన ప్రశ్న ఒకటే: కండోమ్ తన పని చేసిందా? ప్యాకెట్ మీది గడువు తేదీ దాటకూడదు. ఎండ తగిలే బండి డిక్కీలో, ఒరుసుకుపోయే పర్సులో నెలల తరబడి ఉంచిన కండోమ్ పనికిరాదు. ప్యాకెట్‌ను పళ్లతోనో బ్లేడుతోనో కాకుండా చేతివేళ్లతో చింపాలి. కొసన ఉండే చిన్న తిత్తిని రెండు వేళ్లతో నొక్కి గాలి తీసేసి, అంగం గట్టిపడిన తర్వాత, తాకిడి మొదలవక ముందే మొదలంటా తొడగాలి. కొబ్బరినూనె, వాజలీన్, కోల్డ్ క్రీమ్ లాంటి జిడ్డు పదార్థాలు తగిలితే లేటెక్స్ నిమిషాల్లోనే బలహీనపడుతుంది. నీటితో తయారైన జెల్ వాడాలి. ఒకదాని మీద ఒకటి రెండు తొడిగితే రక్షణ రెట్టింపు కాదు, ఒరుసుకుని చిరిగే ప్రమాదం పెరుగుతుంది. స్ఖలనం కాగానే, అంగం మెత్తబడక ముందే, కండోమ్ అంచును వేళ్లతో పట్టుకుని బయటికి తీయాలి. చిరిగిన కండోమ్ సాధారణంగా కంటికి కనిపించేలానే చిరుగుతుంది. తీసి చూసినప్పుడు అది మొత్తంగా ఉండి, వీర్యం తిత్తిలోనే నిలిచి ఉంటే అది తన పని చేసినట్టే.

చిరిగిపోతే, జారిపోతే, లేదా మధ్యలో తొడిగితే అది రక్షణ లేని కలయికగానే లెక్క. అప్పుడు కూడా చేతులెత్తేయవలసిన పని లేదు. పెప్ అనే మందుల కోర్సు ఉంది. వైరస్ ఒంట్లోకి చేరినా, అది శోషరస గ్రంథులకు పాకి స్థిరపడడానికి రెండు మూడు రోజులు పడుతుంది. ఆ లోపు మందులు మొదలుపెడితే దాన్ని మొగ్గలోనే అడ్డుకోవచ్చు. ఎంత తొందరగా మొదలుపెడితే అంత ఫలితం. 72 గంటలు దాటితే మొదలుపెట్టి ప్రయోజనం లేదు. టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రవిర్ అనే మూడు మందులను 28 రోజులు ఒక్క రోజు కూడా మానకుండా వాడాలి. మొదలుపెట్టేటప్పుడు హెచ్‌ఐవీ పరీక్ష చేస్తారు, హెపటైటిస్ బి, కిడ్నీల పనితీరు కూడా చూస్తారు, కానీ ఆ ఫలితాల కోసం మందులు ఆపకూడదు. హెచ్‌ఐవీ మందులు ఇచ్చే ఏఆర్‌టీ కేంద్రం ఉన్న ప్రభుత్వాసుపత్రికి గానీ, ఈ చికిత్స తెలిసిన డాక్టరు దగ్గరికి గానీ వెంటనే వెళ్లాలి. అర్ధరాత్రి అయితే అత్యవసర విభాగానికి వెళ్లాలి, తెల్లారనివ్వడం తెలివి కాదు. కండోమ్ చెక్కుచెదరకుండా ఉన్నప్పుడు మాత్రం కేవలం భయంతో ఈ మందులు మింగనక్కర్లేదు.

ఎదుటి వ్యక్తికి హెచ్‌ఐవీ ఉందని తెలిసినప్పుడు కూడా అడగవలసిన ప్రశ్న ఇంకొకటి ఉంది: మందులు వాడుతున్నారా? ఏఆర్‌టీ మందులు క్రమం తప్పకుండా వాడి, రక్తంలో వైరస్ పరీక్షకు కూడా అందనంతగా తగ్గిపోయినవారి నుంచి లైంగికంగా వ్యాధి సోకదు. పార్ట్‌నర్ అనే పరిశోధన దీన్ని తేల్చింది. 2019లో వెలువడిన దాని రెండో దశ ఫలితాల్లో, 14 ఐరోపా దేశాలకు చెందిన సుమారు 780 పురుష జంటలను గమనించారు. కండోమ్ లేకుండా జరిగిన 76,000 పైచిలుకు కలయికల్లో హెచ్‌ఐవీ ఉన్న భాగస్వామి నుంచి రెండోవారికి వైరస్ సోకిన ఘటన ఒక్కటి కూడా లేదు. చికిత్స తీసుకునే మనిషిని చూసి దూరం జరిగేవారు తెలుసుకోవలసిన నిజం ఇది.

ప్రమాదం జరిగిందో లేదో తేల్చేది పరీక్ష. ఆ పరీక్షకు ఒక సమయం ఉంది. వైరస్ సోకిన మరుక్షణం ఏ పరీక్షా దాన్ని పట్టుకోలేదు. విత్తనం వేసిన మర్నాడు చేను చూసి మొలక లేదంటే విత్తనమే లేదని అర్థం కాదు కదా. సోకిన రోజుకూ, పరీక్షకు అందే రోజుకూ మధ్య ఉన్న ఆ కాలాన్నే విండో పీరియడ్ అంటారు. మొదట రక్తంలో వైరస్ జన్యుపదార్థం కనిపిస్తుంది. తర్వాత పి24 అనే వైరస్ ప్రొటీన్, ఆ తర్వాత శరీరం తయారుచేసుకునే యాంటీబాడీలు కనిపిస్తాయి. ఏ పరీక్ష దేన్ని వెతుకుతుందన్నదాన్ని బట్టి విండో కాలం మారుతుంది.

వైరస్ జన్యుపదార్థాన్ని వెతికే నాట్ పరీక్ష 10 నుంచి 33 రోజుల మధ్య పట్టుకుంటుంది. కానీ అది ఖరీదైనది, అందరికీ అవసరం లేనిది. పి24నూ యాంటీబాడీలనూ కలిపి వెతికే నాలుగో తరం పరీక్షను సిర నుంచి తీసిన రక్తంతో ల్యాబ్‌లో చేస్తే 18 నుంచి 45 రోజుల మధ్య పట్టుకుంటుంది. యాంటీబాడీలను మాత్రమే వెతికే ర్యాపిడ్ పరీక్షకు 23 నుంచి 90 రోజులు పడుతుంది. దీన్ని బట్టి లెక్క సులువు. 45 రోజులు నిండాక ల్యాబ్‌లో చేసిన నాలుగో తరం పరీక్షలో నెగెటివ్ వస్తే ఆ ఫలితాన్ని నమ్మవచ్చు. ర్యాపిడ్ పరీక్ష అయితే 90 రోజులు నిండాక వచ్చిన నెగెటివ్ తుది మాట. అయితే మధ్యలో మరో రక్షణ లేని కలయిక జరిగి ఉండకూడదు. జరిగితే లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. పెప్ వాడినవారికి మాత్రం ఈ గడువులు పొడిగిస్తారు, వాళ్లు డాక్టరు చెప్పిన తేదీల ప్రకారమే పరీక్షకు వెళ్లాలి.

లక్షణాలను బట్టి హెచ్‌ఐవీని నిర్ధారించడం ఎవరివల్లా కాదు. వైరస్ సోకిన రెండు నుంచి నాలుగు వారాల్లో కొందరికి జ్వరం, గొంతునొప్పి, ఒంటిమీద దద్దుర్లు, మెడ దగ్గర బిళ్లలు కట్టడం ఉంటాయి. అవే లక్షణాలు మామూలు వైరల్ జ్వరంలోనూ ఉంటాయి. వైరస్ సోకినా ఏ లక్షణమూ కనిపించనివారూ ఉన్నారు. భయం కూడా ఒంటిని వదలదు. నిద్ర లేకపోవడం, ఆకలి మందగించడం, విరేచనాలు, నీరసం, బరువు తగ్గడం ఆందోళన వల్లనే వస్తాయి. రాత్రంతా సెల్‌ఫోన్‌లో లక్షణాలు వెతుకుతూ నాలుక మీది తెల్లదనాన్ని అద్దంలో చూసుకునే మనిషికి కావలసిన జవాబు అక్కడ దొరకదు.

జవాబు దొరికే చోటు ఐసీటీసీ, అంటే సమీకృత సలహా, పరీక్షా కేంద్రం. ఇవి జిల్లా ఆసుపత్రుల్లో, బోధనాసుపత్రుల్లో, ఏరియా ఆసుపత్రుల్లో, చాలా సామాజిక ఆరోగ్య కేంద్రాల్లో ఉన్నాయి. పరీక్ష ఉచితం. లోపలికి వెళ్లగానే ముందు కనిపించేది కౌన్సెలర్. వచ్చిన మనిషిని విడిగా కూర్చోబెట్టి ఏం జరిగింది, ఎప్పుడు జరిగింది, కండోమ్ వాడారా అని అడుగుతారు. ఆ తేదీని బట్టే విండో కాలం లెక్క కడతారు కాబట్టి అక్కడ దాచవలసింది ఏమీ లేదు. సమ్మతి తీసుకున్న తర్వాతే ల్యాబ్ టెక్నీషియన్ రక్తం తీస్తారు. కిట్ మీద రక్తం చుక్క, దాని మీద ద్రావణం చుక్కలు పడ్డాక కొద్ది నిమిషాల్లో గీతో, చుక్కో తేలుతుంది. పరీక్ష సరిగ్గా జరిగిందని చెప్పే గుర్తు ఒకటి కిట్‌లోనే ఉంటుంది. అది రాకపోతే ఆ పరీక్ష చెల్లదు, మళ్లీ చేస్తారు. ఫలితాన్ని మనిషికి మాత్రమే, విడిగా, వివరించి చెబుతారు.

మొదటి కిట్‌లో రియాక్టివ్ అని వచ్చినంత మాత్రాన హెచ్‌ఐవీ ఉన్నట్టు కాదు. వేర్వేరు పద్ధతుల్లో తయారైన మరో రెండు కిట్లతో కూడా పరీక్షించి, మూడింటిలోనూ రియాక్టివ్ వస్తేనే పాజిటివ్ అని రాస్తారు. దీని వెనక లెక్క ఉంది. ఒక కిట్ వ్యాధి లేని ప్రతి వెయ్యిమందిలో ఐదుగురిని పొరపాటున రియాక్టివ్‌గా చూపుతుందనుకుందాం. నూటికి 0.67 మందికి వైరస్ ఉన్న చోట 10,000 మందిని ఆ ఒక్క కిట్‌తో పరీక్షిస్తే నిజంగా వైరస్ ఉన్నవారు 67 మంది తేలితే, పొరపాటున తేలేవారు దాదాపు 50 మంది. ఒక్క కిట్‌తో ఆగితే ఆ యాభై మంది జీవితాలు అన్యాయంగా తలకిందులవుతాయి. ప్రైవేటు ల్యాబ్‌లో ఒక్క పరీక్ష చేయించుకుని రియాక్టివ్ అని చూసి కుప్పకూలినవారు ముందు ఐసీటీసీకి వెళ్లి నిర్ధారించుకోవాలి.

సరైన సమయంలో వచ్చిన నెగెటివ్‌ను నమ్మడం కూడా నేర్చుకోవాలి. నెగెటివ్ వచ్చాక కూడా ల్యాబ్ మార్చి, ఊరు మార్చి మళ్లీ మళ్లీ పరీక్ష చేయించుకుంటూ ఉంటే అప్పుడు చికిత్స కావలసింది ఆందోళనకు. అలాంటివారు మానసిక వైద్యుల సాయం తీసుకోవడం సిగ్గుపడవలసిన విషయం కాదు. ఇంకో పొరపాటు మరీ ప్రమాదకరమైనది. ఉచితంగా పరీక్ష జరుగుతుందని రక్తదానం చేయడం. విండో కాలంలో ఇచ్చిన రక్తం పరీక్షకు దొరక్కుండా వెళ్లి మరొకరికి ఎక్కితే ఆ నష్టం తీర్చలేనిది. సందేహం ఉన్నవారు రక్తదానానికి దూరంగా ఉండాలి.

పాజిటివ్ అని తేలితే అది జీవితానికి ముగింపు కాదు. మన దేశంలో ఉచిత ఏఆర్‌టీ చికిత్స 2004 ఏప్రిల్ 1న మొదలైంది. 2017 నుంచి, రోగనిరోధక కణాల లెక్కతో పని లేకుండా, పాజిటివ్ అని తేలిన ప్రతి ఒక్కరికీ మందులు ఇస్తున్నారు. చాలామందికి రోజుకు ఒక్క మాత్ర చాలు. తొందరగా మొదలుపెట్టి మానకుండా వాడేవారు అందరిలాగే దీర్ఘకాలం బతుకుతారు, పిల్లలను కంటారు, ఆ పిల్లలకు వైరస్ సోకకుండా చూసుకోగలుగుతారు. 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం సమ్మతి లేకుండా పరీక్ష చేయకూడదు, ఫలితాన్ని బయటపెట్టకూడదు, ఉద్యోగంలో, చదువులో, వైద్యంలో వివక్ష చూపకూడదు.

కండోమ్ హెచ్‌ఐవీ నుంచి ఇచ్చినంత రక్షణ అన్ని సుఖవ్యాధుల నుంచీ ఇవ్వదు. హెర్పిస్, సిఫిలిస్, హెచ్‌పీవీ కండోమ్ కప్పని చర్మం తాకినా సోకవచ్చు. కాబట్టి మర్మాంగాల మీద పుండు, చీము, మంట కనిపిస్తే నెగెటివ్ రిపోర్టు చూసుకుని ఊరుకోకుండా డాక్టరుకు చూపించాలి. హెపటైటిస్ బికి టీకా ఉంది, వేయించుకోనివారు వేయించుకోవాలి.

కండోమ్ సరిగ్గా వాడితే గుండెమీద చెయ్యి వేసుకుని నిద్రపోవచ్చు. చిరిగితే 72 గంటల్లోపు ఆసుపత్రికి చేరాలి. సందేహం పీడిస్తుంటే ల్యాబ్ పరీక్షకు 45 రోజులు, ర్యాపిడ్ పరీక్షకు 90 రోజులు నిండాక ఒకసారి చేయించుకుని, ఆ ఫలితాన్ని నమ్మాలి. ఎవరిని అడగాలో తెలియనివారికి, అడగడానికి నోరు రానివారికి నాకో ఉచిత హెల్ప్‌లైన్ 1097 ఉంది. ఫోన్ చేసినవారి పేరు చెప్పనక్కర్లేదు. భయంతో ఒంటరిగా కుమిలిపోతున్నవారు ఎవరైనా ఈ మాటలు వింటుంటే, ఈ రోజే ఆ నంబరుకు ఫోన్ చేయాలి.